కుడివైపు అర వేలు తక్కువ

జూన్ 9, సోమవారం

ఈ డైరీ జనవరిలో బ్లేళ్ల ఏజెంటు ఇచ్చాడు. ఇన్నాళ్లూ సొరుగులో దువ్వెనల కింద పడి ఉంది. నాకు రాసే అలవాటు లేదు. పొద్దస్తమానం కుర్చీలో కూర్చున్నవాళ్ల కబుర్లు వినడమే సరిపోతుంది, ఇక నా కబుర్లు రాసుకునే ఓపిక ఎక్కడిది. కానీ ఇవాళ్టిది ఎవరితోనూ చెప్పుకునేది కాదు. మా ఆవిడకు చెబితే తమ్ముడికి చేరేస్తుంది. ఆ తమ్ముడు నా బావమరిది, సెలూన్లో నా పక్క కుర్చీ వాడిదే. వాడికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా.

మార్చి పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఉండనీ.

జరిగింది ఇదీ. పక్క కొట్టు దర్జీ పొద్దున కటింగ్ చేయించుకుని వెళ్లి, పది నిమిషాల్లో మళ్లీ వచ్చాడు. "గురూ, కుడిపక్క సైడ్‌లాక్ పైకి పోయినట్టుంది చూడు. టేపు పెట్టాను, అర వేలు తేడా వచ్చింది" అన్నాడు. దర్జీలకు కనపడిన ప్రతిదానికీ టేపు పెట్టే జబ్బు ఉంటుంది. కూర్చోబెట్టి అద్దంలో చూశాను. నాకు రెండు పక్కలా సమానంగానే కనిపించింది. వాడి తృప్తి కోసం చెవి పక్కన గాల్లో కత్తెర నాలుగుసార్లు ఆడించి పంపేశాను.

కానీ రెండు వారాల్లో ఇది నాలుగో తల. నలుగురూ కుడిపక్కే అంటున్నారు.

చెయ్యి బాగానే ఉంది. కళ్లు బాగానే ఉన్నాయి. కుర్చీ ఒక పక్కకు ఒరిగి ఉండాలి. పాతికేళ్ల కుర్చీ, ఒరగక ఏం చేస్తుంది.

జూన్ 10

కుర్చీ అడుగున అట్టముక్క మడిచి పెట్టాను. సమస్య తీరింది.

జూన్ 11

తీరలేదు. అట్ట రెండోవైపు పెట్టాను.

జూన్ 14, శనివారం

అద్దమే వంకర అని తేలిపోయింది. అంటే నాకు తేలిపోయింది. వడ్రంగిని పిలిపించాను. రసమట్టం తెచ్చి అద్దం పై అంచు మీద పెట్టాడు. బుడగ సరిగ్గా నడిమధ్యన కూర్చుంది.

"అద్దం నిక్షేపంగా ఉందండీ."

"నీ రసమట్టం పాడైందేమో చూసుకో."

"ఇది అబద్ధం చెప్పదండీ. నేనన్నా చెబుతానేమో గానీ."

"సరే, ఎడమపక్క కాస్త, ఒక నూలంత, పైకి ఎత్తి బిగించు."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. తిన్నగా ఉన్నదాన్ని వంకరగా బిగిస్తే తన పేరు పోతుందట. పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. బావమరిది ఇదంతా చూస్తూనే ఒకాయన మెడ మీద పౌడరు రాస్తున్నాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, ఒళ్లు మండి నాలుగు దులిపేవాణ్ణి.

జూన్ 15, ఆదివారం

మెడ పట్టేసింది. మా ఆవిడ తలగడ మార్చమంది. మార్చాను. తర్వాత నా తల చూసి, "ఊళ్లో వాళ్లందరికీ కటింగులు చేస్తారు, మీ జుట్టు చూడండి, చెవులు కనపడట్లేదు. తమ్ముడి చేత చేయించుకోవచ్చు కదా" అంది.

ఆ కుర్చీలో కూర్చుంటే కాళ్లు ఎదురుగా ఉన్న పలక మీద పెట్టాలి. బట్ట కప్పినా మోకాళ్ల కిందంతా కనపడుతుంది. అందుకని కాదు. తీరిక లేక.

వాడికి మాత్రం నెలనెలా నేనే చేస్తున్నాను. పద్ధతి ప్రకారం ఒకరికొకరం చేసుకోవాలి. మా పనిలో ఎవడి తల వాడికి అందదు.

"కాలేమైంది, మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు" అని కూడా అడిగింది.

ఏమీ కాలేదన్నాను.

జూన్ 19, గురువారం

నేను మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్లి అరగంటలో వచ్చేస్తాను. ఇవాళ పావుగంటలోనే వచ్చాను. కారణం ఏమీ లేదు, ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. ఈ మధ్య ఎక్కడా కూర్చోబుద్ధి కావడం లేదు, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నానని మా ఆవిడ విసుక్కుంటోంది.

తలుపు తోసేసరికి పోస్టుమాస్టరు బావమరిది కుర్చీలో ఉన్నాడు. పొద్దున పదింటికి నేను కటింగ్ చేసిన మనిషి. నన్ను చూసి గబుక్కున లేచి, బట్ట తనే విప్పేసుకుని, "ఊరికే, కబుర్లు చెప్పుకుంటున్నాం" అంటూ వెళ్లిపోయాడు. మెడకు బట్ట కట్టుకుని కబుర్లు చెప్పుకోవడం నేను ఇంతవరకూ చూడలేదు.

బావమరిది నేల ఊడవడం మొదలుపెట్టాడు.

వీడికి కత్తెర పట్టుకోవడం నేర్పింది నేను. పదహారేళ్ల కిందట మా ఆవిడ చెయ్యి పట్టుకుని వచ్చాడు, దువ్వెన ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. ఆరు నెలలు నా తల వాడికి అప్పజెప్పాను. ఎన్ని గాట్లు పడ్డాయో నా చెవులకే తెలుసు. ఇప్పుడు నేను అన్నానికి వెళ్తే నా మనుషుల్ని పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టుకుంటున్నాడు. ఏం చెప్పి పిలుస్తున్నాడో ఊహించుకోగలను. మా బావకు చెయ్యి పోయిందండీ, ఇకమీదట ఇటు రండి. దొంగ. కన్న కొడుకులా చూసుకున్నాను వాణ్ణి.

జూన్ 20

నేను కుంటడం లేదు. దుకాణం ముందు గాజు తలుపులో చూసుకున్నాను. మనిషి తిన్నగా నడుస్తున్నాడు.

జూన్ 24, మంగళవారం

సెలవు. చాలా దూరం నడిచాను. బస్టాపు దగ్గర నిలబడి తలలు చూశాను. ఏ తల ఎవరు చేశారో వెనక నుంచి చెప్పగలను. నేను చేసినవి మూడు కనిపించాయి. మూడూ నాకు తిన్నగానే ఉన్నాయి.

కానీ నేను చెయ్యని తలలన్నీ వంకరగా కనిపించాయి. ఊరు ఊరంతా ఎడమపక్క పొట్టి, కుడిపక్క పొడుగు. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. ఊరంతా వంకర అయ్యే వీలు లేదు కదా.

జూన్ 28

కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు మార్చక్కర్లేదన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. ఇంకోసారి చూసి అదే మాట చెప్పాడు.

జూలై 3, గురువారం

చెయ్యి వణికింది.

కొంచెమే. సాయంత్రం ఆఖరి గడ్డం గీసేటప్పుడు. కత్తి పిడి మరీ గట్టిగా పట్టుకుంటున్నాను, అందుకని అయి ఉంటుంది. ఎందుకు అంత గట్టిగా పట్టుకుంటున్నానో తెలియదు. నిలబడ్డ చోట కుదురు ఉండడం లేదు, ఏదో ఒకటి పట్టుకోవాలనిపిస్తోంది. చేతిలో ఉండేది కత్తే కాబట్టి దాన్నే పట్టుకుంటున్నాను.

రాయకూడదనుకున్నాను గానీ రాస్తున్నాను. మా నాన్న చెయ్యి యాభై ఏడో ఏట వణకడం మొదలైంది. నాకిప్పుడు యాభై రెండు. మొదట్లో ఎవరూ ఏమీ అనలేదు. వచ్చినవాళ్లు నాన్న కుర్చీ ఖాళీగా ఉన్నా బల్ల మీదే కూర్చుని, "పర్లేదు, నీ కోసమే ఆగుతాం" అనేవాళ్లు నాతో. నాన్న వినబడనట్టు కత్తి నూరుకుంటూ ఉండేవాడు. రెండేళ్లు అలా నూరాడు, ఎవరి గడ్డమూ గియ్యకుండా. ఆఖరికి ఆ కత్తి సన్నటి రేకులాగా అరిగిపోయింది.

నాకు భయంగా ఉంది. ఈ కుర్చీ పోతే నాకు వేరే ఏమీ రాదు.

జూలై 5

ఎడమ మోకాలు లోపలివైపు సలుపుతోంది. నడుం కూడా. వయసు.

జూలై 9, బుధవారం

హెడ్మాస్టరు గారికి గాటు పెట్టాను.

ఆయన రిటైరైన దగ్గర్నుంచి రోజు విడిచి రోజు నా దగ్గరే గడ్డం గీయించుకుంటున్నారు. పదకొండేళ్లుగా. కుర్చీలో వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి, కళ్లు సగం మూస్తారు. ఆ మెడ మీద ముడతలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇవాళ దవడ కింద రెండో ముడత దగ్గర చెయ్యి ఆగాల్సిన చోట ఆగలేదు. నురగ ఎర్రబడింది. గొంతుకు రెండు వేళ్ల పైన.

"పర్లేదయ్యా, చీమ కుట్టినట్టుంది" అన్నారాయన.

బావమరిది పటిక ముక్క తెచ్చి అదిమాడు. నా చేతిలోంచి కత్తి తీసుకుని, మిగతా గడ్డం వాడే గీశాడు. నా కుర్చీ దగ్గర నిలబడి, నా మనిషికి. నేను చేతులు వేలాడేసుకుని నిలబడ్డాను. అసలు వాడి మొహంలోకి చూడలేకపోయాను.

జూలై 10

హెడ్మాస్టరు గారు మెడ మీద పట్టీతో వచ్చారు. గడ్డానికి కాదు, ఇవాళ రావలసిన రోజు కాదు. నన్ను బయటకు పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టారు.

"ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకు. నీకు ఒంట్లో ఎలా ఉంది?"

"బాగానే ఉందండీ. చెయ్యి కాస్త..."

"చెయ్యి సంగతి కాదయ్యా. నువ్వు నురగ రాసేటప్పుడు నేను మాట్లాడకూడదు, కదలకూడదు. అద్దంలో నిన్ను చూడ్డం తప్ప నాకు వేరే పనేముంది? నువ్వు నా మొహమే చూస్తావు. నిన్ను చూసేది నేను. నీ వెనక గోడకు గడియారం ఉంది కదా, నీ తల సరిగ్గా ఆరు అంకె కింద ఉండేది, ఇన్నేళ్లూ. ఎండాకాలం నుంచి చూస్తున్నాను, నాలుగు అంకె కిందికి జరిగిపోయింది. ముందు గడియారం ఒరిగిందేమో అనుకున్నాను. గడియారం బాగానే ఉంది."

రోజుకు పది గంటలు అద్దం ముందు నిలబడే మనిషిని నేను. ఒక్కసారి కూడా నన్ను నేను చూసుకోలేదు.

ఆయన మోకాలికి వ్యాయామాలు చేయించే అమ్మాయి ఒకతె ఆసుపత్రిలో ఉందట. శనివారం తీసుకెళ్తానన్నారు. వద్దనడానికి మొహం చెల్లలేదు, మెడ మీద నా గాటుకు వేసిన పట్టీ ఎదురుగా కనపడుతుంటే.

జూలై 12, శనివారం

ఆసుపత్రి వెనక వైపు గది. గోడ పొడుగునా పట్టుకుని నడిచేందుకు కమ్మీలు. ఆ అమ్మాయికి పాతికేళ్లుంటాయి. చెయ్యి చాపాను, వణుకు చూపిద్దామని. చూడనే లేదు.

"బూట్లు విప్పండి అంకుల్."

"నా ఇబ్బంది చేతికమ్మా."

"విప్పండి. చేతికి తర్వాత వద్దాం."

పాదాలు రెండూ నీళ్ల పళ్లెంలో ముంచి కాగితం మీద నిలబడమంది. పక్కకు తప్పుకుని చూస్తే, కుడి పాదం ముద్ర మధ్యలో వంపు తిరిగి ఉంది, మామూలు పాదంలాగే. ఎడమది అచ్చు ఇటుక. వంపే లేదు. రెండూ ఒకే మనిషివంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

తర్వాత నా వెనక నిలబడి కింద నుంచి పైకి చెబుతూ పోయింది. అరికాలి వంపు కుంగిపోయింది, మడమ లోపలికి వాలింది, దాంతో మోకాలు లోపలికి తిరిగింది, తుంటి ఎడమపక్కకు దిగింది, దాని మీద నడుం, దాని మీద భుజం, దాని మీద తల. ఒక్కో మాటకూ ఒక్కో చోట వేలితో నొక్కింది. నొక్కిన చోటల్లా నొప్పే. జూన్ నుంచి నేను ఒక్కొక్కటీ వేరే వేరే జబ్బు అనుకున్నవన్నీ వరసగా వచ్చాయి.

"మీ తల ఎడమకు వాలి ఉంది అంకుల్. నెలల తరబడి అలాగే ఉంటే మీ కంటికి అదే తిన్నగా అనిపిస్తుంది."

"మరి చెయ్యి?"

"కింద కుదురు లేకపోతే పైన ఏదో ఒకటి బిగబట్టుకోవాలి కదా. మీరు చెయ్యి బిగబడుతున్నారు. సాయంత్రానికి అలిసిపోయి వణుకుతోంది. నాకైతే ఇది జబ్బులా అనిపించట్లేదు."

ఆ మాట ఇంకోసారి చెప్పమందామనుకున్నాను. అడగలేదు.

రోజంతా ఎలా నిలబడతారని అడిగింది. చూపించాను. కుర్చీ ఎత్తే పెడల్ మీద కుడికాలు, బరువంతా ఎడమకాలి మీద. పాతికేళ్లుగా అంతే. "అది ఒక్కటే అయితే ఇంత తొందరగా కుంగదు. ఈ చీలమండ ఎప్పుడు మడత పడింది?" అంది.

"ఎప్పుడూ పడలేదమ్మా."

"వాపు ఇంకా ఉంది అంకుల్."

"ఎప్పుడూ పడలేదు."

జూలై 13

ఇక అక్కడికి వెళ్లను. చిన్నపిల్ల, దానికేం తెలుసు.

జూలై 16

వెళ్లలేదు. హెడ్మాస్టరు గారు గడ్డానికి వచ్చారు, బావమరిది కుర్చీలో కూర్చున్నారు. నా వైపు చూసి నవ్వారు. ఆయన తప్పేం లేదు. నేను కత్తి నూరుకుంటూ కూర్చున్నాను. ఏం చేస్తున్నానో ఒక్కసారిగా తెలిసి, కత్తి పక్కన పడేసి బయటకు పోయాను.

జూలై 19, శనివారం

ఇవాళ తల ఎత్తుకోలేకుండా ఉన్నాను.

దర్జీతో గొడవ పడ్డాను. మొన్న వాడికి ప్యాంటు ఇచ్చాను, ఎడమకాలు అంచు నేలకు రాసి చిరిగిపోతోందని. వాడు టేపు పెట్టి, "గుడ్డ తప్పు కాదు గురూ, నీ ఎడమకాలే పొట్టిగా దిగుతోంది" అన్నాడు. అందరూ నా కాలి మీదే పడ్డారేమిట్రా అని అరిచాను. మాటా మాటా పెరిగింది. నీ వంకర కుట్లు నేను భరించట్లేదా, నీ వంకర ప్యాంట్లు... అని నేనేదో అనేలోపు వాడు అన్నాడు:

"నీ వంకర ఎవరు భరిస్తున్నారో తెలుసా నీకు? జూన్‌లో నువ్వు గాల్లో కత్తెర ఆడించి పంపావే, మధ్యాహ్నం మీ బావమరిది వచ్చి నా కొట్లోనే కూర్చోబెట్టి సరిచేసి వెళ్లాడు. నన్నొక్కణ్ణే కాదు. నీ దగ్గర లేచినవాళ్లలో దొరికినవాణ్ణల్లా సందు చివర పట్టుకుంటాడు. నువ్వు అన్నానికి పోగానే లోపలికి తెస్తాడు. పోస్టుమాస్టర్నీ అంతే. బావకు చెప్పకండి, ఏదో ఒంట్లో బాగోలేదు, ఆయన దగ్గరికే వెళ్తూ ఉండండి, మిగతాది నేను చూసుకుంటానని ఒట్టు వేయించుకున్నాడు మా అందరి చేతా."

కొట్టుకు తిరిగి వచ్చాను. వాడు ఎవరికో గడ్డానికి నురగ కలుపుతున్నాడు. వెనక నుంచి వాడి తల చూశాను. జూన్ ఆఖర్లో నేను చేసిన కటింగ్. దర్జీ టేపు అడిగి తెచ్చుకున్నాను, వాడికి తెలియకుండా దూరం నుంచే అడ్డం పెట్టి చూశాను. కుడివైపు అర వేలు తక్కువ. దొరికినవాళ్లందరివీ సరిచేశాడు. తనది అలాగే ఉంచుకున్నాడు. సరిచేయించుకుంటే నాకు తెలిసిపోతుందని.

నేను వీణ్ణి దొంగ అన్నాను. ఈ డైరీలోనే.

జూలై 20

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 22, మంగళవారం

ఆసుపత్రికి ఒక్కణ్ణే వెళ్లాను. మార్చిలో మడత పడిందని చెప్పాను.

"అప్పుడు కట్టు కట్టారా? విశ్రాంతి తీసుకున్నారా?"

"లేదమ్మా. ఎవరికీ తెలియకూడదని మామూలుగా నడిచాను. మొదట్లో కష్టమయింది. నడుం బిగించి, కాస్త అటు ఒరిగితే కుంటు కనపడదని కనిపెట్టాను. తర్వాత అలవాటైపోయింది."

ఆ అమ్మాయి రాస్తున్నది ఆపి నా వైపు చూసింది.

"హాయిగా కుంటి ఉంటే నెల రోజుల్లో తగ్గిపోయేది అంకుల్. దాచడానికి నడిచారే, ఆ నడక వల్ల వచ్చింది ఇదంతా."

అట్టలాంటిది ఒకటి ఒంపుగా కత్తిరించి ఎడమ బూటులో పెట్టింది. నాకు నవ్వొచ్చింది. నెలన్నరగా అట్టముక్కలు కుర్చీ కింద పెడుతూ వచ్చాను. ఎందుకు నవ్వుతున్నారంటే చెప్పలేదు. రోజూ ఒంటికాలి మీద నిలబడాలి, మునివేళ్ల మీద లేవాలి, అరికాలితో తువ్వాలు దగ్గరికి లాగాలి. మునుపటి పాదం పూర్తిగా రాదట, పని మాత్రం చేసుకోవచ్చట. పని చేసుకోవచ్చు అన్న మాట మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాను.

జూలై 25

మా ఆవిడ, నేను అరికాలితో తువ్వాలు లాగుతుంటే చూసి, ఎన్నాళ్లకు ఇంటిపనిలో ఒక చెయ్యి వేశారు అంది. చెయ్యి కాదు కాలు అన్నాను. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. ముందు చెప్పవలసింది వాడికి.

జూలై 29

చెప్పలేదు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. కొత్తవాళ్లు వస్తే వాడి కుర్చీలోకే పంపుతున్నాను. వాడు అదోలా చూస్తున్నాడు.

మార్చి 14, శుక్రవారం
(ఆగస్టు 2న, ఈ ఖాళీ పేజీ వెతుక్కుని రాస్తున్నాను)

ఆ రోజు పన్ను నొప్పి అని చెప్పి కొట్లోంచి బయల్దేరాను. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. అద్దాల మేడలో కొత్తగా పెట్టిన పెద్ద సెలూన్‌కు వెళ్లాను, ఉద్యోగానికి. అక్కడ పన్నెండు కుర్చీలు. నాకు ఒక కుర్చీ ఇస్తే బావమరిదిని, ఈ కొట్టును వదిలేసి పోదామని.

ఎందుకంటే, వాడి కుర్చీ కోసం బల్ల మీద ఎదురుచూసేవాళ్లు నాకంటే ఎక్కువయ్యారు. అంతే. ఇంకే కారణమూ లేదు. "పర్లేదు, ఆగుతాం" అన్న మాట ఒకరి నోట విన్నాను, నాన్న గుర్తొచ్చాడు.

అక్కడ ఒక తల చేయించి చూశారు. మేనేజరుకు నా కొడుకు వయసుంటుంది. "పనితనం బాగుందండీ, కానీ మా దగ్గర అందరూ కుర్రవాళ్లే" అన్నాడు. లిఫ్టులో అందరూ చూస్తారని మెట్ల మీద దిగాను. కళ్లు మసకబారి ఆఖరి రెండు మెట్లు కనపడలేదు. చీలమండ లోపలికి మడతపడి టక్కుమంది. వాచ్‌మన్ పట్టుకోబోతే వద్దన్నాను.

కొట్టుకు వచ్చి పన్ను పీకినట్టు దవడ పట్టుకుని కూర్చున్నాను. కాలు పొంగిపోతోంది, నేను దవడ పట్టుకున్నాను. వాడు పరుగెత్తి ఐసుముక్కలు తెచ్చి చేతిలో పెట్టాడు. "నువ్వు మాట్లాడకు బావా, నొప్పెడుతుంది" అని ఆ సాయంత్రం నావాళ్లందరికీ వాడే చేశాడు. ఐసు నా దవడ మీద కరిగిపోయింది. కాలికి పెట్టుకునే వీలు లేకపోయింది.

ఆగస్టు 3, ఆదివారం

చెప్పేశాను. కొట్టు మూసే ముందు, వాడు తువ్వాళ్లు మడత పెడుతుంటే. మెట్ల దగ్గర మొదలుపెట్టి వెనక్కి పోయాను, ఆఖరికి అద్దాల మేడ దాకా. దర్జీ చెప్పిందీ, ఆసుపత్రి అమ్మాయి బూటులో పెట్టిన అట్ట సంగతీ చెప్పాను.

వాడు తువ్వాలు మడత ఆపలేదు. అన్నీ అయ్యాక, "వదిలేసి పోదామనుకున్నావా బావా?" అన్నాడు.

"అవునురా."

"నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా."

"అవును."

తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆగస్టు 4

రాలేదు.

ఆగస్టు 5

రాలేదు. సెలవురోజు కాబట్టి అనుకుంటున్నాను. మా ఆవిడ ఇద్దరిలో ఎవరితోనూ మాట్లాడడం లేదు. కొట్టు తెరిచి ఒక్కణ్ణే కూర్చున్నాను, ఊరికే. వాడి కుర్చీ తుడిచాను. ఈ కాలు బాగయినా, చెయ్యి బాగయినా, పక్క కుర్చీలో వాడు లేకపోతే నేనక్కడ నిలబడలేను. ఇది ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదో.

ఆగస్టు 6, బుధవారం

తొమ్మిదింటికి వచ్చాడు. పలకరించలేదు. నా కుర్చీ దగ్గరకు వచ్చి బట్ట దులిపాడు.

"కూర్చో బావా. అడివిలా పెరిగింది."

కూర్చున్నాను.

"బూట్లు విప్పు."

విప్పి పాదాలు పలక మీద పెట్టాను. వంగి ఎడమ చీలమండ మీద బొటనవేలితో నొక్కాడు. "ఇక్కడేనా?" అన్నాడు. తలూపాను. తర్వాత లేచి కత్తెర తీసుకున్నాడు.

ఐదు నెలల జుట్టు, చాలాసేపు పట్టింది. హెడ్మాస్టరు గారు మధ్యలో వచ్చి బల్ల మీద కూర్చుని పేపరు తెరిచారు. అయిపోయాక నేను దిగి, ఉత్తకాళ్లతో అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. శుభ్రంగా ఉంది, రెండు పక్కలా సమానంగా.

"బాగా చేశావురా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

"బూట్లు తొడుక్కుని చూడు."

తొడుక్కున్నాను. ఆ అమ్మాయి చెప్పినట్టు రెండు పాదాలూ నేలకు ఆనించి, మడమ తిన్నగా పెట్టి, పదిదాకా లెక్కపెట్టుకుని తలెత్తాను.

కుడివైపు అర వేలు తక్కువ.

జూన్ నుంచి అందరూ నాకు చూపిస్తున్నదీ, నాకు కనపడనిదీ, నా మొహం మీదే కనిపించింది. వాడు అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"నెల రోజులు అలాగే తిరుగు" అన్నాడు. "నేను నాలుగు నెలలు తిరిగాను."

సరిచెయ్యమని అడగలేదు. అడిగితే చేసేవాడేమో, కానీ అడగలేదు. కళ్లు తుడుచుకుని, మొహం మీద జుట్టు పడిందన్నాను. వాడు తువ్వాలు నా మీదకు విసిరి, బల్ల వైపు తిరిగాడు.

"మాస్టారూ, మీరు రండి. నాది కాదు, బావ కుర్చీ."

ఆయన పేపరు మడిచి పెట్టి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. నేను కత్తి కడిగాను. ఆయన వెనక్కి వాలి, గడ్డం పైకెత్తి, కళ్లు పూర్తిగా మూసుకున్నారు.